మా ఊళ్లో ఎవరూ లేరు

మా ఊళ్లో ఎవరూ లేరు. ఈ మాట నేను అనడం లేదు, నాకంత పొగరు లేదు. ప్రశాంత గిరిపథ ప్రాధికార సంస్థ వారు నూట పన్నెండు పేజీల నివేదికలో, నలభై ఏడో పేజీలో, గుండ్రటి ముద్ర వేసి మరీ అన్నారు. ఆ పేజీ నకలు పటం కట్టించి మా హోటల్లో గల్లాపెట్టె పైన తగిలించాను. ఆ పటం కింద కూర్చుని రోజూ రెండొందల ఇడ్లీలు ఎవరు తింటున్నారో ఆ సంస్థ వారే చెప్పాలి.

నా పేరు గవిర్నాయుడు. ఘాట్ రోడ్డు మలుపులన్నీ తిరిగి, కడుపులో తిన్నదంతా గొంతులోకి వచ్చేసరికి తగిలే ఊరు మా చింతలగొంది. గడపలు రెండొందల ఎనభై, మనుషులు పదకొండు వందల నలభై. ఊరికీ కింద టౌనుకీ మధ్యన గెడ్డ ఉంది. వాగును మా వైపు గెడ్డ అంటాం. దాని మీద చప్టా ఉంది. ఎండాకాలం చప్టా మీంచి లారీలు పోతాయి, వానాకాలం చప్టా మీంచి గెడ్డ పోతుంది. వంతెన కావాలని మా నాన్న అర్జీలు పెట్టాడు. ఆయన పోయాక నేను పెడుతున్నాను. అక్షరాలు మారాయి గానీ అర్జీ అదే.

ఇక మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే ముందు జరిగింది మీకు బోధపడదు. ఏటా మాఘ పౌర్ణమినాడు మాకు ఊరు విడుపు. తెల్లవారకముందే తలుపులు బిగించి, పిల్లల్ని, ముసలాళ్లని, గొడ్లని, గంపల్లో కోళ్లని తీసుకుని కొండ అవతలి జీడితోటకు పోతాం. ఆ పగలంతా ఊళ్లో పొయ్యి వెలగకూడదు, మనిషి గొంతు వినిపించకూడదు. ఆ ఒక్క పగలూ గెడ్డపోలమ్మ తల్లి ఊరంతా తిరిగి చూసుకుంటుందని మా నమ్మకం. పొద్దుగూకాక తిరిగొచ్చి దీపాలు పెట్టుకుంటాం.

రెండేళ్ల కిందట సరిగ్గా ఆ పగలే సర్వే వాళ్లు వచ్చారు. మేం చూడలేదు. మేం ఉంటే కదా చూడటానికి. తిరిగొచ్చేసరికి వీధిలో జీపు టైర్ల గుర్తులు, మా హోటల్ అరుగు మీద బత్తాయి తొక్కలు కనిపించాయి. తల్లి బత్తాయిలు తినిందేమో అని పిల్లలు నవ్వుకున్నారు. అంతటితో మర్చిపోయాం.

ఆ సర్వే నివేదిక అచ్చవడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ మధ్యలో వానలొచ్చాయి. నా భార్య తవిటమ్మకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం కింద టౌను ఆసుపత్రిలో డయాలసిస్. ఆ వానల్లో గెడ్డ పొంగి వరసగా మూడుసార్లు వెళ్లలేకపోయాం. ఒళ్లంతా నీరు పట్టింది, కళ్లు మూసుకుపోయాయి, పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునే ఉండేది. నాలుగోసారి డోలీలో మోసుకుంటూ, తాడు పట్టుకుని, గుండెలోతు నీళ్లలో దాటించాం. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంకో వానాకాలం ఇలాగే అయితే తన దగ్గరికి తీసుకురావలసిన పని ఉండదన్నాడు. కాబట్టి ఇకముందు నేను ఎవరికి దండం పెట్టినా, ఎవరి వెనక తిరిగినా, అది వంతెన కోసమేనని గుర్తు పెట్టుకోండి. నాకు అంతకుమించి ఆశ లేదు.

దసరా వెళ్లాక ఆ సంస్థ ప్రత్యేకాధికారి నీలకంఠమూర్తిగారు వచ్చారు. ఆయనకు ఘాట్ రోడ్డు పడదు. మలుపు తిరిగితే వాంతి. అందుకని కింద టౌనులోనే కళ్లు మూసుకుని, నిమ్మకాయ వాసన చూసుకుంటూ వస్తారు, దిగాక కళ్లు తెరుస్తారు. కొండల అందాలకు బాధ్యులైన ఆ మనిషి ఒక్క కొండను కూడా దారిలో చూసి ఎరగరు.

బడి ఆవరణలో సభ పెట్టారు. ఆయన గోడకు పెద్ద పటం తగిలించారు. పట్నాల్లో జనానికి ఇప్పుడు సొంత కార్లలో కొండలెక్కి, అలికిడి లేని చిన్న ఊళ్లు చూసి రావాలన్న కోరిక ముదిరిందట. వాళ్ల కోసం సంస్థ మూడు రోజుల యాత్ర తయారుచేసింది. ఏ మలుపులో కారు ఆపాలి, ఏ లోయను ఎన్ని నిమిషాలు చూడాలి, అన్నీ నిమిషాలతో సహా రాసి ఉన్నాయి. మా ఊరికి కూడా చోటిచ్చారు. 9.40, చింతలగొంది చేరుట. 9.40 నుంచి 10.25 వరకు, ప్రశాంతత అనుభవించుట. 10.25, బయలుదేరుట.

తర్వాత నలభై ఏడో పేజీ చదివారు. “చింతలగొంది. ధ్వని, శూన్యం. ధూమం, శూన్యం. మానవ సంచారం, శూన్యం. కుక్కలు సైతం మొరగవు. పర్యాటకుల మనోల్లాసానికి రాష్ట్రంలోనే అత్యంత అనుకూలమైన పట్టణం.” చదివి, ఎదురుగా కూర్చున్న వెయ్యి మందిని చూసి చప్పట్ల కోసం ఆగారు.

సర్పంచి బంగారునాయుడు లేచి, ఆరోజు ఊరు విడుపు అనీ, మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ మేం ఇక్కడే ఉంటామనీ, మా కుక్కలు బాగానే మొరుగుతాయనీ వినయంగా మనవి చేసుకున్నాడు. నీలకంఠమూర్తిగారు ఓపిగ్గా విన్నారు. ఆయన కోప్పడే మనిషి కాదు.

“చూడండి సర్పంచిగారూ, నివేదిక ఆమోదం పొందింది. ఆమోదం పొందాక వాస్తవమే నివేదికకు అనుగుణంగా నడుచుకోవాలి. నివేదిక వాస్తవం వెనక పరుగెత్తడం పరిపాలన అనిపించుకోదు.”

సర్వేనాటి యథాస్థితిని ఈ సీజనంతా కాపాడితే మా ఊరికి ప్రశాంత పట్టణం పత్రం ఇస్తారట. పత్రం వచ్చిన ఊళ్లకు మౌలిక వసతులట. వసతుల్లో గెడ్డ మీద వంతెన కూడా ఉందా అని నేను అడిగాను. ప్రథమ ప్రాధాన్యం అన్నారు. ఆ మాటతో ఊరు ఊరంతా మెత్తబడిపోయింది, అందరికన్నా ముందు నేను మెత్తబడ్డాను. వారానికి రెండు రోజులేగా, శనీ ఆదీ, జీడితోటలో గడిపేద్దాం అని ఇంటింటికీ తిరిగి ఒప్పించిన పెద్దమనిషిని నేనే.

మొదటి శనివారం ఏడు కార్లొచ్చాయి. మేం కొండ మీద పొదల చాటున కూర్చుని చూస్తున్నాం. కార్లలోంచి దిగినవాళ్లు ఐదు నిమిషాలు ఆహా అన్నారు. తర్వాత టీ కోసం చూడటం మొదలుపెట్టారు. మా హోటల్ తలుపు తట్టారు. ఒకావిడ ఎత్తుకున్న బిడ్డ ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తోంది. నలభై ఐదు నిమిషాలు అనుభవించాలని పుస్తకంలో ఉంది కాబట్టి పాపం వాళ్లు వెళ్లనూ లేరు, ఉండనూ లేరు. హోటల్ నడుపుకునేవాడి ప్రాణం నాది, ఊరుకోలేకపోయాను. ఫ్లాస్కులో పాలు పోసుకుని కిందికి దిగి ఇచ్చొచ్చాను.

బుధవారానికల్లా తాఖీదు వచ్చింది. “సదరు తేదీన ఉదయం 9.52కి ఒక మానవుడు కనిపించెను. అతని చేత ఫ్లాస్కు ఉండెను. పర్యాటకులు సంతోషించిరి. ఇది నిబంధనలకు పూర్తిగా విరుద్ధము.” మళ్లీ మానవుడు కనిపిస్తే పత్రం ఆశ వదులుకోవలసిందేనని కింద ఎర్ర సిరాతో రాశారు. అది చదివి బంగారునాయుడు నా మీద నాలుగు రోజులు మొహం మాడ్చుకున్నాడు.

ఆ తర్వాత తువ్వాలు గొడవ. సర్వేనాడు తొందరలో నా ఎర్ర తువ్వాలు హోటల్ ముందు తీగ మీద మర్చిపోయాను. నివేదిక అట్ట మీద వేసిన ఫోటోలో అది పడింది. అందుకని యథాస్థితిలో భాగంగా ఆ తువ్వాలు ఆ తీగ మీదే, ఆ మడతలోనే ఉండాలన్నారు. నేను దాంతో మొహం తుడుచుకోకూడదు. గాలికి ఒకవైపు చిరిగితే సంస్థ వారు కొలతలు తీసుకుని, అదే రంగుది పట్నం నుంచి తెప్పించి, ఇద్దరు సిబ్బందితో పంపించి ఆరేశారు. చింతలగొందిలో ప్రభుత్వం గుర్తించిన నివాసి ఆ తువ్వాలొక్కటే.

కార్లు పెరిగాయి. శనీ ఆదీ చాలక శుక్రవారం కలిపారు, తర్వాత సోమవారం, సంక్రాంతి సెలవులకు ముందు వారం మొత్తం. పొద్దున్నే తోటకు పోవడం, చీకటి పడ్డాక దొంగల్లా సొంత ఇళ్లకు చేరడం. బడి జీడిచెట్ల కిందికి మారింది. రేషన్ డిపో కూడా అక్కడికే వచ్చింది. కోళ్లు గంపల్లో ఉండి ఉండి గుడ్లు పెట్టడం మానేశాయి. తవిటమ్మను ఆసుపత్రికి రోడ్డు మీంచి తీసుకెళ్తే పర్యాటకుల మనోల్లాసం చెడుతుందని, తోట వెనక రాళ్లబాటన బండి మీద చప్టా దాకా తీసుకెళ్లేవాణ్ని. దారి పొడుగునా నా వీపు పట్టుకుని నన్నూ, ఆ సంస్థనూ, మా ఇద్దరి వంశాలనూ తిట్టిపోసేది. వంతెన వస్తుందిలేవే అంటే, వంతెన వచ్చేసరికి దాటడానికి నాను ఉండాల గదా మావా అనేది.

పత్రం మాత్రం వచ్చింది. నిజం చెప్పొద్దూ, బంగారు అంచుతో బాగా వేశారు. అది పట్టుకుని వంతెన ఫైలు గురించి కనుక్కుందామని నేనూ, తవిటమ్మా, సర్పంచీ సంస్థ ఆఫీసుకు వెళ్లాం. నీలకంఠమూర్తిగారు మర్యాదగా కుర్చీలు వేయించారు. ఫైలు తెప్పించి, కళ్లజోడు పెట్టుకుని, చాలా విచారంగా మొహం పెట్టారు. వంతెన తిరస్కరించారట. వంతెన కట్టాలంటే గెడ్డ అవతల కనీసం ఐదు వందల మంది నివాసులుండాలట. నలభై ఏడో పేజీ ప్రకారం అక్కడ శూన్యం.

మీరు ఖాళీగా ఉంచమంటే వంతెన కోసమే కదా ఊరొదిలి పోయాం అని బంగారునాయుడు వాపోయాడు. మనుషులుంటే పత్రం పోతుంది, మనుషులు లేకపోతే వంతెన పోతుంది, మమ్మల్ని ఏం చేయమంటారో మీరే చెప్పండన్నాడు.

“అవి రెండు వేర్వేరు సెక్షన్లు అండీ. ఒక సెక్షన్ ఫైల్లో ఇంకో సెక్షన్ వేలు పెట్టడం మా దగ్గర ఉండదు.”

తవిటమ్మ లేచి, ఆయన బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. ఎడంచేతికి సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన నరాన్ని బల్ల మీద ఆయన ముందు పెట్టింది.

“బాబూ, నాను మీకు కనిపిస్తన్నానా?”

నీలకంఠమూర్తిగారు ఆ చేతిని చూశారు. ఆయన నిజంగానే ఇబ్బంది పడ్డారు, అబద్ధం ఎందుకాడాలి. “వ్యక్తిగతంగా కనిపిస్తున్నారమ్మా,” అన్నారు. “రికార్డులో కనిపించడం లేదు.”

అయినా దయగల మనిషి కాబట్టి ఒక దారి చూపించారు. పునఃసర్వే జరిపిస్తారట. అందులో మనుషులు లెక్కకు వస్తే ఫైలు మళ్లీ కదులుతుందట. ఎప్పుడు జరిపిస్తారని అడిగితే, పోల్చడానికి వీలుగా ఉండాలి కాబట్టి మొదటి సర్వే జరిగిన మాఘ పౌర్ణమినాడే, అదే వేళకు అన్నారు. ఆరోజు మా ఆచారం, ఊళ్లో ఎవరూ ఉండకూడదని సర్పంచి మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. ఆచారాల సెక్షన్ తమ ఆఫీసులో లేదన్నారు.

ఊరికి తిరిగొచ్చాక తోటలో కూర్చుని రాత్రి భోజనాల వేళ దాకా కొట్టుకున్నాం. వందల ఏళ్లుగా ఒక్క ఏడు తప్పని ఆచారం. తప్పితే తల్లి ఊరుకుంటుందా అని సగం మంది, వంతెన లేకపోతే గెడ్డ ఊరుకుంటుందా అని సగం మంది. నా పెళ్లాం కోసం ఊరందరి చేత ఆచారం తప్పించడానికి నాకు మొహం చాల్లేదు. చివరికి అమ్మవారి పూజ చేసే సూరమ్మ పిన్ని తేల్చింది. ఆవిడకు ఎనభై దాటాయి.

“ఊరు ఎలాగుందో చూసుకుందామని ఏడాదికో పగలు తల్లి వొస్తది. మనం రోజూ వొదిలేసి పోతంటే ఆవిడ రోజూ ఖాళీ ఇళ్లే చూస్తంది. ఈ ఏడు మనం ఉందాం. మనుషులు బతికే ఉన్నారని ఆవిడకీ తెలియాల.”

మాఘ పౌర్ణమినాడు చింతలగొందిలో ఎవరూ కదల్లేదు. రెండొందల ఎనభై పొయ్యిలూ వెలిగాయి. నెలల తరబడి నోళ్లు కుట్టుకున్న జనం కదా, ఒకరినొకరు వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి పేర్లు పెట్టి పిలుచుకున్నారు. పిల్లలు డబ్బాలు వాయించారు. కుక్కలు సంస్థ మీద కసి ఉన్నట్టే మొరిగాయి. నేను పొద్దున్నే తీగ మీద ప్రభుత్వం వారి తువ్వాలు లాగి, మొహం తుడుచుకుని, భుజాన వేసుకున్నాను. ఆ సుఖం చెబితే మీకు అర్థం కాదు.

సర్వే వాళ్లు ముగ్గురొచ్చారు. ఒక్కొక్కరికీ ఎనిమిదేసి ఇడ్లీలు పెట్టాను, వద్దనకుండా తిన్నారు. ఇంటింటికీ తిరిగి, ఒక్కరిని కూడా వదలకుండా, చంటిపిల్లలతో సహా పదకొండు వందల నలభై మందినీ లెక్కపెట్టారు. లెక్కలో వాళ్లది తప్పు పట్టడానికి లేదు. కాకపోతే వాళ్ల దగ్గర ఉన్నవి ఒకే రకం కాగితాలు. ఎక్కడినుంచి వచ్చారు, ఈ ప్రదేశం ఎలా ఉంది, భోజన సౌకర్యం తృప్తికరమా. ఇక్కడినుంచే, బాగుంది, తృప్తికరమే అని అందరం చెప్పి వేలిముద్రలూ సంతకాలూ పెట్టాం. లెక్కకు వచ్చాం కదా, ఇంకేం కావాలి అనుకున్నాం. ఆరోజు తవిటమ్మ పరమాన్నం వండింది. తనకు రెండు చెంచాలకు మించి పడదు, ఆ రెండూ తృప్తిగా తింది.

నెల తిరక్కుండా పునఃసర్వే నివేదిక వచ్చింది. దాని కాపీ నీలకంఠమూర్తిగారే స్వయంగా, కళ్లు మూసుకుని, నిమ్మకాయతో సహా తెచ్చిచ్చారు. మనిషి ఆనందంతో వెలిగిపోతున్నారు. గత సంవత్సరం ఇదే రోజున చింతలగొందిలో మానవులు శూన్యం. ఈ సంవత్సరం పదకొండు వందల నలభై. నివాసులు లేని చోట కనిపించు ప్రతి మానవుడూ పర్యాటకుడే కావున, ఒక్క సీజన్‌లో ఇంతటి పర్యాటక వృద్ధి దేశంలో మరెక్కడా నమోదు కాలేదు. సంస్థకు అవార్డు కూడా ఖాయమైందట.

ఆ రోజునుంచి మేం పర్యాటకులం. ఒక విధంగా సుఖమే. మా ఇళ్లలో మమ్మల్ని ఉండనిస్తున్నారు. ఆరుబయట పొయ్యి వెలిగిస్తే విహారయాత్రికుల వంట అని రాసుకుని పోతున్నారు. బడిపిల్లలు పాఠాలు అప్పజెబుతుంటే విద్యార్థుల విజ్ఞానయాత్ర. మొన్న బంగారునాయుడి తాత కాలం చేస్తే, పర్యాటక కేంద్రంలో కర్మకాండలకు అనుమతి ఉందా అని ఫోన్ చేసి అడిగారు.

అన్నిటికన్నా వింత ఏమిటంటే, వంతెన మంజూరైంది. మా నాన్న, నేను కలిసి నలభై ఏళ్లు అడిగితే రానిది, పర్యాటకుల సౌకర్యార్థం మూడు నెలల్లో లేచి నిలబడింది. ఇనప తాళ్లతో వేలాడే కాలినడక వంతెన. మధ్యలో ఫోటోలు దిగడానికి హృదయాకారంలో చట్రం. ఈ చివర ఇనప గేటు, గేటు పక్కన రేకు కప్పిన చిన్న పందిరి, అందులో పర్యాటకులు అభిప్రాయాలు రాసే పుస్తకం, దారం కట్టిన పెన్ను. ప్రారంభం రోజున తవిటమ్మ నా చెయ్యి పట్టుకోకుండా అటు చివరి దాకా నడిచి వెళ్లి, గెడ్డలోకి ఉమ్మేసి, తిరిగొచ్చింది. ఆ సాయంత్రం నేను హోటల్లో ఎవరి దగ్గరా టీ డబ్బులు పుచ్చుకోలేదు.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. సోమవారం మొత్తం కురిసింది. మంగళవారం పొద్దున్నకు చప్టా కనిపించడం లేదు, దాని మీద ఎర్రనీళ్లు చెట్ల మొదళ్లను దొర్లించుకుపోతున్నాయి. నేను దర్జాగా తవిటమ్మను బండి మీద ఎక్కించుకుని వంతెన దగ్గరికి వెళ్లాను. అవతలి ఒడ్డున ఆటోవాడు కూడా వచ్చి నిలబడ్డాడు. గేటుకు అరచేతంత తాళం వేలాడుతోంది. పైన కొత్త బోర్డు.

“వర్షాకాలమున గెడ్డ ప్రమాదకరముగా ప్రవహించును. కావున పర్యాటకుల భద్రత దృష్ట్యా వంతెన మూసివేయబడినది. గెడ్డలో నీరు తగ్గిన పిమ్మట తెరవబడును.”

నేను నీలకంఠమూర్తిగారికి ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు. నీళ్లు లేనప్పుడు ఎన్నిసార్లయినా దాటవచ్చునన్నారు. నీళ్లు లేనప్పుడు మాకు వంతెన దేనికండీ అన్నాను. అది నిర్వహణ సెక్షన్ చూస్తుందని పెట్టేశారు. గేటు పట్టుకుని, భుజాన ఉన్న తువ్వాలుతో మొహం కప్పుకుని ఏడ్చాను. యాభై ఏడేళ్లవాణ్ని, ఆటోవాడు చూస్తున్నాడని కూడా లేదు.

తవిటమ్మ నా వంక చూసి, ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని పక్కకు తప్పుకో మావా అంది. ఒడ్డున వంగి, చెంబంత రాయి ఒకటి ఏరుకుంది. సూదులు గుచ్చే ఎడంచెయ్యి వెనక్కి పెట్టుకుని, కుడిచేత్తో కొట్టింది. మూడు దెబ్బలకు తాళం ఊడి కింద పడింది. ప్రభుత్వ సొత్తు కదా, అంతకన్నా ఎక్కువ సేపు పట్టదు.

గేటు తీసి అడుగు పెట్టబోయి, మళ్లీ వెనక్కి వచ్చింది. పందిరి కింది పుస్తకం తెరిచి, దారం కట్టిన పెన్ను తీసుకుంది. మా ఆవిడ మూడో తరగతి దాకా చదివింది, అక్షరాలు కూడబలుక్కుంటూ రాస్తుంది. పేరు అన్న చోట తవిటమ్మ అని రాసింది. ఊరు అన్న చోట చింతలగొంది అని రాసి, కింద గీత గీసింది. ప్రదేశం ఎలా ఉంది అన్నది వదిలేసింది. చివర్న, మళ్లీ ఎప్పుడు వస్తారు అని ఉంది. అక్కడ శుక్రవారం అని రాసి, పేజీ గాలికి ఎగరకుండా ఆ రాయి పుస్తకం మీద పెట్టి, వంతెన ఎక్కింది.